రక్తదాతల జాబితాలో మొదటి పేరు

అన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు రాసిన రక్తదాతల కంప్యూటర్ ప్రోగ్రాం ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. దాని సంగతి నీకు తప్ప ఎవరికి చెప్పాలో తోచక రాస్తున్నాను.

పొద్దున పెనుకొండ ఆస్పత్రి నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "అక్కా, మా ఇంట్లో ఆమెకు కాన్పయినాది, రక్తం ఆగకుండా పోతాండాది. ఓ నెగటివ్ యాడన్నా దొరుకుతాదా?" ఈ ఏడాదిలో ఆ గ్రూపు అడిగిన మొదటి మనిషి ఆయనే. వెతకమని నొక్కితే తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి రక్తదాన శిబిరంలో చూసి, అదే గ్రూపని గుర్తున్న సోమందేపల్లి టైర్ల కొట్టాయనకు ఫోన్ చేశాను. "ఇదో, పోతాండా మా" అని కొట్టు మూసి వెళ్లాడు. సాయంత్రానికి ఆమెకు గండం గడిచింది.

తర్వాత సర్వర్‌లో చూశాను. మెమరీ చాలలేదేమో అనుకున్నాను, కాదు. నెట్టేమో అనుకున్నాను, అదీ కాదు. ఎవరు చివరిసారి ఎప్పుడు రక్తమిచ్చారో తెలుసుకోవడానికి నువ్వు రాసిన వెతికే క్వెరీ ఒక్కొక్కరి కోసం పాత నమోదులన్నీ మొదటినుంచి చదువుతోంది. మన హిందూపురం వాళ్లే ఉన్నప్పుడు అది సరిపోయింది. ఈమధ్య ధర్మవరం, బత్తలపల్లి వాళ్లు చేరాక మోయలేకపోయింది. దాత నంబరు మీద, పుస్తకానికి విషయసూచికలా, ఇండెక్స్ పెట్టాక రెప్పపాటులో వచ్చింది.

వచ్చిన ఓ నెగటివ్ జాబితాలో మొదటి పేరు నీది. రక్తమిచ్చి ఎక్కువ కాలమైనవాళ్లను ముందు చూపమని నువ్వే రాశావు. మిగతావాళ్లంతా ఈ ఏడాది శిబిరాల్లో ఇచ్చారు. నీ పేరు పక్కన "ఇవ్వవచ్చు" అని పచ్చగా ఉంది.

తీసేయబోతే కారణం అడిగింది. ఊరు మారారు, ఆరోగ్యం బాగాలేదు, ఇష్టం లేదు. నువ్వు పెట్టినవి ఈ మూడే. ఏది నొక్కాలో నాకు తెలియడం లేదన్నా.