నేను చెప్పించిన సాక్ష్యం

పిచ్చుక వాళ్ళమ్మకు,

మీ ఇంటాయన రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, అక్కడ నువ్వూ వదినగారూ పిల్లలూ బాగున్నారని తలుస్తాను. అలవాటుకొద్దీ ‘అందరం’ అని రాసేశాక చూసుకుంటే, ఇంట్లో ఉన్నది నేనొక్కణ్ణే. కొట్టేద్దామనుకుని మళ్ళీ ఊరుకున్నాను. కొట్టివేతలు కనబడితే నువ్వు వాటి కింద ఏముందా అని వెలుతురుకి పెట్టి చూస్తావని నాకు తెలుసు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ముందు తేలికైనవాటికి జవాబు చెబుతాను. బీపీ మాత్ర రోజూ వేసుకుంటున్నాను. వేసుకున్న వెంటనే, నువ్వు చెప్పినట్టే, కేలెండర్‌లో ఆ తేదీ మీద గీత పెడుతున్నాను. స్నానాల గదిలో కుళాయి బాగుచేయించారా అన్నావు. నేనే విప్పాను. అంతకుముందు చుక్క చుక్కగా కారేది, నా చెయ్యి పడ్డాక ధారగా కారింది. ప్లంబరు వచ్చి చూసి, “అయ్యగారూ, మీరు వెళ్ళి ప్రార్థన చేసుకోండి, దీని సంగతి నేను చూసుకుంటా” అన్నాడు. వంట గురించి మాత్రం అడక్కు. నిన్న అన్నం గిన్నె అడుగు గీకలేక దాన్ని నానబెట్టి, ఇంకో గిన్నె తీసి అదీ మాడ్చాను.

స్త్రీల కూడిక ఎవరు నడుపుతున్నారని అడిగావు. రిటైరైన హెడ్మాస్టరమ్మ గారు పట్టుదలగా నడుపుతున్నారు. హాజరుపట్టీ కూడా పెట్టారట. రానివాళ్ళు కారణం రాసివ్వాలట. నువ్వుంటే దీనికి ఎంత నవ్వేదానివో అనుకున్నాను. 

పిచ్చుక బట్టలు కదిలించారా అన్నావు. కదిలించలేదు. స్కూలు సంచీ కూడా తలుపు వెనక మేకుకే ఉంది. హెడ్మాస్టరమ్మ గారు, “ఎవరికైనా ఇస్తే పుణ్యం కదా అయ్యగారూ” అన్నారు. నేను ఇంతకాలం ఎంతమందికి ఆ సలహా ఇచ్చానో లెక్కలేదు. ఆవిడ అనగానే మాత్రం, జీవితంలో మొదటిసారి, సంఘంలో ఒక మనిషి మీద గొంతు పెంచి అరిచాను. మర్నాడు వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల బట్టలు ఎంత చిన్నవో నీకు తెలుసు కదా. అల్మారాలో ఒక్క అర కూడా నిండలేదు. ఆ అర తెరిచిన రోజు నేను పనికిరాకుండా పోతున్నాను. అందుకే తెరవడం మానేశాను.

ఇక నీ ఉత్తరం చివర అడిగిన మాట. “ఆ రోజు నేను ఆసుపత్రి మెట్లు దిగి వెళ్ళాక పాప ఏం పాడిందో, ఎలా నవ్విందో ఇంకొక్కసారి వివరంగా రాయండి. నాకు ప్రార్థన రావడం లేదు. దేవుడు అనుకుంటేనే గుండె బిగుసుకుపోతోంది. అది పాడిన పాట ఒక్కటే పట్టుకుని ఉన్నాను. అది కూడా లేకపోతే నేను ఏమైపోతానో తెలియదు” అని రాశావు. నాలుగు రోజులుగా దీనికి జవాబు రాయాలని కూర్చుంటున్నాను, లేస్తున్నాను. ఆ జవాబు కంటే ముందు నీకు దర్జీ ఆవిడ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఇది చెప్పలేను.

మన సందు మలుపులో బట్టలు కుట్టే ఆవిడ, మన సంఘస్థురాలే, పిచ్చుకకి స్కూలు గౌన్లు కుట్టింది కూడా ఆవిడే. ఆవిడ కొడుకు, బస్సు మెకానిక్కు, నువ్వు వదినగారి దగ్గరికి వెళ్ళిన మూడు వారాలకి ఎముకల కేన్సర్‌తో పోయాడని రాశాను కదా. సమాధి దగ్గర నేనే వాక్యం చెప్పాను. ఆ తర్వాత ఆవిడ గుడికి రావడం మానేసింది. ఒకరోజు బైబిలు పట్టుకుని వెళ్ళాను. మిషను ఆపలేదు. ఆ చప్పుడులోనే ఒక అధ్యాయం చదివి వచ్చాను. రెండోసారి వెళ్ళి అరగంట మాట్లాడాను. శ్రమల వెనక దేవుడి ఉద్దేశం ఎలా ఉంటుందో మూడు భాగాలుగా విడగొట్టి చెప్పాను. గోడకి చెప్పినా అదే ఫలితం. ఆవిడ రెండు జేబులు కుట్టేసింది.

మూడోసారి వెళ్ళినప్పుడు మిషను ఆపింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది.

“అయ్యగారూ, ఒకమాట అడుగుతాను, కోప్పడకండి.”

“అడగమ్మా.”

“అమ్మగారు ఆ ఆదివారం సాక్ష్యం చెప్పారు కదండీ. పాప నవ్వుతూ, పాట పాడుకుంటూ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందని. నేను మూడో వరసలో కూర్చుని విన్నాను. ఎంత ఏడ్చానో. మావాడు అలా పోలేదండీ.”

నేను చేతిలోని బైబిలు మూశాను.

“అరిచాడు. మంచం పట్టె పట్టుకుని అరిచాడు. ప్రార్థన చేసుకుందాం నాన్నా అంటే, ‘ఎవడికి చేస్తావే అమ్మా, ఎవడున్నాడక్కడ?’ అన్నాడు. ఇంక మాట్లాడలేదు. నమ్మినవాళ్ళు మీ పాపలా పోతారు కదండీ. అంటే నా కొడుకుని ఆయన చేర్చుకోలేదనే కదా?”

ఇలాంటి ప్రశ్నలకి నా దగ్గర జవాబులకు కొదవ లేదని నీకు తెలుసు. నోరు తెరిచాను కూడా. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది. కొడుకుని పోగొట్టుకున్న మనిషి, వాడు చచ్చిపోయిన తీరు చూసి వాణ్ణి మళ్ళీ రెండోసారి పోగొట్టుకుంటోంది. అదీ నేను చెప్పిన మాట వల్ల. నా నోట్లోంచి వచ్చింది ఒక్కటే మాట.

“అమ్మా, మా పాప పాడలేదు.”

ఆవిడకి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. మా పాప పాడలేదు, నవ్వలేదు, భయపడింది, నేను అబద్ధం చెప్పాను అన్నాను. ఆవిడ టేపు తీసి బల్లమీద పెట్టింది. చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, కొడుకు పోయాక మొదటిసారిగా కాబోలు, గట్టిగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. గుడ్డ పీలికల మూట మీద కూర్చుని ఏడ్చాను. షర్టు కోసం వచ్చిన ఒకాయన గుమ్మంలో నిలబడి చూసి, చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

కాసేపటికి ఆవిడ, “అమ్మగారికి తెలుసా?” అంది. తెలియదన్నాను. “నాకు చెప్పి ఆవిడకి చెప్పకపోతే ఎలా అయ్యగారూ? కన్నది ఆవిడ” అంది. తర్వాత ఒక చొక్కా నా ఒళ్ళో పడేసి, తాత్కాలికంగా వేసిన తెల్ల కుట్లు విప్పమంది. విప్పాను. వెళ్ళేటప్పుడు, “రేపూ రండి. ఏమీ తెచ్చుకోకండి” అంది. బైబిలు గురించే అన్నదని తెలిసింది. ఇప్పుడు రోజూ సాయంత్రం వెళుతున్నాను. ఆవిడ కుడుతుంది, నేను దారాలు లాగుతాను. ఒక్కోరోజు కొడుకు గురించి చెబుతుంది, ఒక్కోరోజు ఏమీ చెప్పదు. ఇరవై ఏళ్ళు సంఘకాపరిగా ఉండి, ఒక మనిషి దగ్గర ఊరికే కూర్చోవడం ఇప్పుడు నేర్చుకుంటున్నాను. నీ దగ్గర అలా ఒక్క గంట కూడా కూర్చోలేదు.

ఇప్పటికే ఉత్తరం పక్కన పడేసి ఉంటావు. మళ్ళీ తీసి చదువుతావన్న నమ్మకంతో రాస్తున్నాను.

ఆ రోజు నువ్వు ఆసుపత్రి మెట్లెక్కి వచ్చి “ఏమంది?” అని అడిగావు. పాప మొహం కూడా చూడకుండా ముందు అదే అడిగావు. నేను, “పాట పాడుకుంటూ వెళ్ళిపోయింది” అన్నాను. ఆలోచించి అన్నమాట కాదు. ఎంతోమంది మంచాల పక్కన నిలబడి, బయట ఎదురుచూసే వాళ్ళకి ప్రశాంతంగా వెళ్ళిపోయారని చెప్పీ చెప్పీ నోటికి అలవాటైన మాట. నీ కోసం అన్నానని చాలారోజులు నన్ను నేను నమ్మించుకున్నాను. ఆ ఒక్క క్షణంలో నీ కోసమే అనుకో. కానీ ఆ ఆదివారం గుళ్ళో నిన్ను లేపి సాక్ష్యం చెప్పించింది నీ కోసం కాదు.

పాప బతకాలని సంఘమంతా మూడు రోజులు ఉపవాసం ఉంది. అందరి పిల్లల కోసం ప్రార్థన చేసే మనిషి, తన పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఏమైందని అంటారేమోనని భయపడ్డాను. నా పరువు చూసుకున్నాను. నువ్వు ఆ ఉదయం తల కూడా దువ్వుకోకుండా, “ఏవండీ, ఈ వారం వద్దండీ, నాకు ఏడవాలని ఉంది, వచ్చేవారం చెబుతాను” అన్నావు. “సంఘకాపరి భార్యే కుంగిపోతే సంఘం ఏమైపోతుంది?” అన్నాను నేను. నువ్వు లేచి తల దువ్వుకున్నావు. అందరి ముందూ నిలబడి, నేను రాసిచ్చిన కాగితం చూడకుండానే, కళ్ళు తుడుచుకోకుండానే, దేవుడు మంచివాడని చెప్పావు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకి నాకు ధైర్యం వచ్చింది. ఇంతకంటే సిగ్గుమాలిన మాట నేను నా గురించి చెప్పలేను.

ఇప్పుడు ఆ గంట సంగతి. నువ్వు అడిగినట్టే వివరంగా రాస్తాను.

పొద్దున పదకొండు అయింది. పైన వార్డులో ఫోను కలవడం లేదు. సంఘపెద్దలకి ఫోను చేసి, ఒకరి తర్వాత ఒకరు ఆపకుండా గొలుసు ప్రార్థన మొదలుపెట్టమని చెప్పు, కిందికి వెళ్ళు అన్నాను. నువ్వు, “కాసేపాగి వెళతానండీ, దీని చెయ్యి చల్లగా ఉంది” అన్నావు. నేను విసుక్కున్నాను. “విశ్వాసం ఉంచు, వెళ్ళు” అన్నాను. ఆ మాట నీకు గుర్తుందో లేదో, నేను మాత్రం మర్చిపోలేదు.

నువ్వు వెళ్ళిన కాసేపటికే అది కళ్ళు తెరిచింది. “అమ్మేది?” అంది. వస్తుంది, ఈలోగా మనం కీర్తన చెప్పుకుందాం అన్నాను. నా వెనకాలే రెండు మాటలు అంది. తర్వాత తల అటూ ఇటూ తిప్పింది. “నాన్నా, ఆపు. భయమేస్తోంది. అమ్మని పిలువు” అంది. కిటికీ తెరిచే ఉంది. నువ్వు గేటు దగ్గర ఫోను చెవికి పెట్టుకుని నిలబడి ఉన్నావు. నీ వీపు కనిపిస్తోంది. ఒక్క కేక వేస్తే చాలు.

వెయ్యలేదు. కీర్తన మధ్యలో ఆపితే అవిశ్వాసమనిపించింది. పూర్తిచేసి పిలుద్దాం అనుకున్నాను. నేను చదువుతూనే ఉన్నాను, అది “అమ్మా” అంది. ఇంకోసారి “అమ్మా” అంది. నేను ఆమెన్ అనేసరికి దాని చెయ్యి నా చేతిలో వాలిపోయింది. పరిగెత్తి నర్సుని పిలిచాను. ఆ తర్వాతే కిటికీలోంచి నిన్ను పిలిచాను.

ఈ ఉత్తరం నీకు వచ్చే గురువారం అందుతుంది. ఆ పై ఆదివారం గుళ్ళో నిలబడి, ఆ సాక్ష్యం అబద్ధమని, అబద్ధం నాదని, నీకు ఏమీ తెలియదని చెబుతాను. ఆ తర్వాత వాళ్ళు నన్ను ఉంచుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం. నీకంటే ముందు వాళ్ళకి తెలియకూడదని రాస్తున్నాను. దర్జీ ఆవిడకి ముందే తెలియడం మాత్రం నా వల్ల జరిగిన ఇంకో తప్పు.

తిరిగి రమ్మని అడగను. క్షమించమని కూడా ఈ ఉత్తరంలో అడగను. అడిగితే దానికి కూడా నువ్వు మంచిదానివి కాబట్టి ఏదో ఒక జవాబు రాయాలనుకుంటావు. దేవుడి గురించి నీకు ఏమీ బోధించను. నీకు ప్రార్థన రాకపోతే చేయకు. నా మట్టుకు నేను రోజూ ఆయన ముందు కూర్చుంటున్నాను, దాని అమ్మని ఎందుకు పిలవనివ్వలేదు నన్ను అని అడుగుతున్నాను. పిలవనిది నేనేనని నాకు తెలిసీ అడుగుతున్నాను. జవాబు రాలేదు. అయినా రేపు మళ్ళీ కూర్చుంటాను.

నువ్వు లేకుండానే, ఏ లోటూ లేకుండా, పాడుకుంటూ వెళ్ళిపోయిందని నీకు చెప్పాను. ఆ మాట పట్టుకుని బతకమన్నాను. అది అలా వెళ్ళలేదు. నువ్వు కావాలని అడుగుతూ వెళ్ళింది. రెండుసార్లు పిలిచింది నిన్ను. ఆ రెండు పిలుపులూ నీవి, నాలుగు నెలలుగా నీకు అందనివ్వకుండా నా దగ్గర పెట్టుకున్నాను.

ఇట్లు,
పిచ్చుక వాళ్ళ నాన్న