అడ్డం పెట్టిన చెయ్యి

అమ్మకు,

నీ ఉత్తరం అందింది. మోకాలి కట్టు విప్పినా మెట్లు దిగొద్దన్నారు కాబట్టి బళ్లో అమ్మమ్మ సంస్మరణ సభకు నువ్వు రాలేవు, నీ బదులు నేను మాట్లాడాలి. విషయం ఇదే కదా. రోజంతా రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చునేదానివి, అమ్మమ్మ గురించి నాలుగు ముక్కలు చెప్పలేవా అని దెప్పిపొడిచావు కూడా. చెప్పలేను. వేళకు వచ్చిన రైలుకూ, నాలుగు గంటలు ఆలస్యమైన రైలుకూ ఒకే గొంతు వాడడం నా ఉద్యోగం. ఆ గొంతుతో మాట్లాడితే సభలో జనం సామాన్లు సర్దుకుని లేచి నిలబడతారు.

ఊరంతా చెప్పుకునే గొడుగు టీచరు నాకూ తెలుసు. ఎండకీ వానకీ ఒకటే నల్ల గొడుగు. ఏ పిల్లయినా రెండు రోజులు బడికి రాకపోతే మూడో రోజు ఆ ఇంటి గుమ్మంలో గొడుగు కనిపించేది. వీధి దీపం వెలగకపోతే విద్యుత్ ఆఫీసుకు వెళ్లి కుర్చీ లాక్కుని, "దీపం వెలిగాక లేస్తాను, మీ పని మీరు చేసుకోండి" అని కూర్చునేది. గ్రంథాలయం మూసేస్తామంటే మూడు వీధులు తిరిగి సంతకాలు పోగు చేసింది. రిటైరయ్యాక మరీ తీరిక లేకుండా పోయింది. ఇవన్నీ చెప్పడానికి సభలో చాలామంది ఉంటారు.

నాకు తెలిసింది వేరు. నువ్వు నర్సు ట్రైనింగుకు వెళ్తూ నన్ను ఆమె దగ్గర వదిలిన ఏడాది, ఆరో తరగతిలో మా లెక్కల టీచరు ఆమే. మొదటి రోజే నన్ను ముందు బెంచీ నుంచి లేపి చివరి బెంచీకి పంపింది. ఏడాదంతా ఒక్క ప్రశ్న అడగలేదు. చెయ్యెత్తి ఎత్తి నా భుజం నొప్పి పుట్టేది. నా పక్కన కొత్తగా చేరిన ఒక పిల్ల ఉండేది, నా నోటుబుక్కులోకి తొంగి చూడడమే దాని పని. నేను ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుని రాసేదాన్ని.

ఇక సాయంత్రాలు. ఇంటికొచ్చి, తాళం తీసుకుని, మూత పెట్టి ఉంచింది తిని, ఏడున్నర దాకా గేటు వైపు చూస్తూ కూర్చునేదాన్ని. ఎక్కడికెళ్లావని అడిగితే "పనుంది" అనేది, అంతే. ఊళ్లో పిల్లలందరికీ దొరికిన టీచరు నాకు దొరకలేదమ్మా. అమ్మమ్మ కూడా దొరకలేదు. నన్ను వదిలి వెళ్లినందుకు నువ్వు బాధపడతావని ఇరవై ఎనిమిదేళ్లు ఈ మాట మింగుకుని కూర్చున్నాను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పాను. రేపు బడికెళ్లి, హెడ్మాస్టరు గారికి కుదరదని చెప్పేస్తాను.

నీ కూతురు


అమ్మకు,

వారం తిరక్కుండానే ఇంకో ఉత్తరం వచ్చిందని కంగారు పడకు.

కుదరదని చెప్పడానికే వెళ్లాను. హెడ్మాస్టరు గారు ఇంకా రాలేదు. హాల్లో కొత్త తెరల కోసం ఒకావిడ స్టూలెక్కి కిటికీలకు కొలతలు తీస్తోంది. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. నన్ను చూసి దిగింది.

"గుర్తుపట్టలేదా? చివరి బెంచీలో నీ పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు టైలర్ని."

"నా లెక్కలు కాపీ కొట్టేదానివి," అన్నాను.

"కాపీ ఏంటి! చూడమని టీచరే చెప్పారు. నాకు భిన్నాలు ఓ పట్టాన తలకెక్కేవి కాదు. 'ముందు బెంచీల వాళ్లకి బోర్డుంది, నీకు మా మనవరాలుంది. అదెలా చేస్తోందో చూడు, తెలియకపోతే అడుగు' అన్నారు. నువ్వేమో చెయ్యి అడ్డం పెట్టేశావు."

ఆమె చెవి మీది పెన్సిలు తీసి ఒక కొలత రాసుకుంది.

"ఆ సంగతి టీచరుకి చెప్పాను. ఇక అప్పట్నుంచి రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి చెప్పేవారు. ఏడు దాటేదాకా కూర్చునేవారు, పాపం."

"నాకు ఒక్క మాట చెబితే తీసేదాన్ని కదా!"

"నేనూ అదే అన్నాను. 'చెబితే నా మాట విని తీస్తుంది. దానంతట అది తియ్యాలి. తీస్తుందిలే, చూద్దాం' అనేవారు." టేపు వేళ్లకు చుట్టుకుంటూ మళ్లీ అంది, "ఏడాదంతా అదే మాట."

ముందు నాకు కోపం వచ్చింది. పదకొండేళ్ల పిల్ల తనంతట తాను తెలుసుకోవాలని ఆశించడం ఏం న్యాయం? అది అమ్మమ్మ పొరపాటే, ఇప్పటికీ అలాగే అంటాను. కానీ నేను గేటు వైపు చూస్తూ కూర్చున్న సాయంత్రాలన్నీ నా చెయ్యి చేసిన నిర్వాకమేనని తెలిసి, ఆ స్టూలు మీదే కూలబడ్డాను. చాలా బాధేసిందమ్మా. హెడ్మాస్టరు గారు వచ్చాక, మాట్లాడతానని చెప్పి వచ్చాను.

నిన్న సభ జరిగింది. వీధి దీపాలూ గ్రంథాలయమూ మిగతావాళ్లకు వదిలేసి నేను ఈ సంగతే చెప్పాను. స్టేషన్ గొంతుతోనే మొదలుపెట్టాను కానీ అది చివరిదాకా నిలవలేదు. ఎవరూ సామాన్లు సర్దుకోలేదు.

తర్వాత గోడకు అంటించడానికి రెండేసి వాక్యాలు రాయమని తలా ఒక కాగితం పంచారు. నేను వెళ్లి చివరి బెంచీలో కూర్చున్నాను. టైలరు వచ్చి నా పక్కన కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తోచలేదేమో, కాసేపు పెన్ను కొరికి నా కాగితంలోకి తొంగి చూసింది. చూద్దును కదా, నా ఎడమ చెయ్యి అప్పటికే అడ్డంగా ఉంది. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు.

తీసేశాను.

నా కాగితం మీద అప్పటికి "మా అమ్మమ్మ" అని మాత్రమే ఉంది. ఆమె అది చూసి, తన కాగితం మీద "మా అమ్మమ్మ" అని రాసుకుంది. నేను దిద్దలేదు.

చివరి బెంచీ నుంచి,
నీ కూతురు