రాజకుమారి నొక్కిన లింకు

1999 నవంబర్, గురువారం రాత్రి

రాజకుమారి నా మంచం మీద పడుకుంది. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. మొగుడి దెబ్బలు పడలేక వచ్చి, ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తన పిన్ని రైల్వే క్వార్టర్లో తలదాచుకుంది. సోమవారం గోల్‌బజార్‌లో మా కంప్యూటర్ షాపుకొచ్చి, ఉద్యోగం ఉందంటూ వచ్చిన మెయిల్‌లో లింకు నొక్కింది. పేజీ రాలేదు. నల్లటి విండో ఒకటి తెరుచుకుని దానంతటదే మూసుకుపోయింది.

"నేనేటీ సేయలేదక్కా, దాని మీద నొక్కినానంతే," అంది. నేనూ పట్టించుకోలేదు.

ఈరోజు తనకి మొగుడి నుంచి మెయిల్ వచ్చింది. అందులో పిన్ని క్వార్టర్ నంబరు తప్ప ఇంకేమీ లేదు. ఆ నంబరు రాజకుమారి మా కంప్యూటర్లో టైపు చేసుకున్న ఉద్యోగ దరఖాస్తులో ఉంది.

కంప్యూటర్లు బాగుచేసే బెంగాలీ దాదాని అడిగితే హిందీలో చెప్పాడు: "లింకు పేజీనే తెరవాలని లేదు, దీదీ. లోపలున్న వేరే ప్రోగ్రాముని కూడా నడిపించగలదు. మిమ్మల్ని అడగదు. ఇందులో రాసుకున్నవన్నీ ఆ మెయిల్ పంపినవాడికి చేరవేసేస్తుంది."

పొద్దుండగానే తనని మా ఇంటికి తీసుకొచ్చేశాను. పిన్ని తాళం వేసి చెల్లెలింటికి వెళ్లింది. ఇక్కడ భయం లేదని రాజకుమారికి చెప్పాను.

ఇప్పుడు గుర్తొచ్చింది. షాపు ఫోను కోసం నేను రాసిన అర్జీ కూడా అదే కంప్యూటర్లో ఉంది, ఈ ఇంటి చిరునామాతో. తనకి ఇప్పుడే చెప్పాలా...