నాతో ఎవరూ మాట్లాడని ఆదివారం

నవంబర్ 26, మంగళవారం

బేస్‌బాల్ ప్రాక్టీసు అయ్యాక మా మేనేజర్ (డాన్ రుపెర్తో ఆయన పేరు) నన్నూ ఎస్మెర్లిన్‌నీ పక్కకి పిలిచాడు. అమెరికాలో ఆడే మన పెద్దోళ్ళు సెలవులకి ఇంటికొస్తున్నారు, ఏటా వచ్చినట్టే జట్టులో చేరతారు, వాళ్ళకి చోటు కావాలి అన్నాడు. ఆట చివర్లో పంపడానికి ఎడమచేత్తో బంతి వేసే పిచ్చర్లు మీరిద్దరున్నారు, నాకు ఒక్కడు చాలు, ఆరో తారీఖున లిస్టు తలుపుకి అంటిస్తాను అన్నాడు. వాన కబురు చెప్పినంత తేలిగ్గా చెప్పేసి వెళ్ళిపోయాడు.

ఎస్మెర్లిన్‌కి ఇరవై ఒకటి. వాడి బంతి గంటకి తొంభై ఆరు మైళ్ళు. నాకు ముప్ఫై ఆరు. నా బంతి ఎంతో ఇక్కడ రాయను. ఈ డైరీ ఎవరూ చదవకపోయినా పరువు పరువే.

అన్నా, నువ్వెళ్ళిపోతే నాకు ఆ వంపు బంతి ఎవరు నేర్పుతారు అన్నాడు వాడు. అప్పుడే నన్ను సాగనంపేశాడు.

ఇంటికొచ్చి మా ఆవిడ యోకాస్తాకి చెప్పాను. తీసేస్తే తీసేశారులే, ముందు ఆ అరటికాయలు ఒలువు, కుక్కర్ పెట్టాలి అంది. నాకు ఏడుపొచ్చింది. ఉల్లిపాయలు కూడా నేనే తరిగాను కాబట్టి ఎవరికీ తెలియలేదు.

నవంబర్ 27

ఈ డైరీ కుడిచేత్తో రాస్తున్నాను. తినేదీ, పళ్ళు తోముకునేదీ, డామినో ముక్క బల్ల మీద ఠపీమని కొట్టేదీ కుడిచేత్తోనే. మా వీధికి తెలుసు, పేపర్లకి తెలియదు.

నాకు ఏడేళ్ళప్పుడు ఒక అమెరికన్ జట్టు మనిషి ఆటకి పనికొచ్చే పిల్లల్ని వెతకడానికి మా ఊరొచ్చాడట. కుడిచేతివాళ్ళు వీధికి వంద మంది, పుర్రచేతివాడుంటే చూపించండి అన్నాడట. మర్నాడే నాన్న అమ్మ తలగుడ్డతో నా కుడిచేతిని నడుముకి కట్టేశాడు. మేజోళ్ళు చుట్టి చేసిన బంతి, సందులో గోడ, నేను. ఏడాదిలో పక్కింటి డోన్యా మెమా కిటికీ నాలుగుసార్లు పగిలింది. ఆవిడ గొడవకొస్తే, అది మామూలు కిటికీ కాదమ్మా, గొప్ప పిచ్చర్ పగలగొట్టిన కిటికీ, జాగ్రత్తగా దాచుకో అన్నాడట నాన్న.

పదిహేడేళ్ళకి అమెరికా జట్టుకి సంతకం చేశాను. పదకొండేళ్ళు చిన్న ఊళ్ళ ఆటలూ, బస్సులూ. పెద్ద లీగులో రెండు వేసవులు, ముప్ఫై ఒక్క ఆటలు. నాది ఒకటే పని. ఎడమచేతి బ్యాటర్‌కి ఎడమచేతి బంతి కష్టం, వాడొస్తే నన్ను పిలుస్తారు, వాణ్ణి ఔట్ చేసి నేనూ వెళ్ళి కూర్చుంటాను. తర్వాత, వచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురికి వెయ్యాలని అక్కడ రూలు పెట్టారు. ఒక్క రూలుతో నా ఉద్యోగం ఊడింది. ఇక్కడ మా ఊరి జట్టులో, ఇన్నింగ్స్‌లో ఔట్ చెయ్యాల్సిన ముగ్గురిలో ఒక్కడు మిగిలినప్పుడు ఇంకా పనికొస్తున్నాను.

నా చెయ్యి ఎందుకు కట్టావని ఒకసారి నాన్నని అడిగాను. కుడిచేతిని మీ అమ్మ కన్నది, ఎడమచేతిని నేను కన్నానురా అన్నాడు. ఎంత గర్వమో ఆయనకి.

నవంబర్ 29, శుక్రవారం

ఇవాళ రెండు బంతులు వేశాను. ఔట్. యోకాస్తా వేయించిన చేపలు కొనుక్కుని సీటుకొచ్చేసరికి నా పని అయిపోయింది. పన్నెండేళ్ళ కాపురంలో నువ్వు బంతి వెయ్యడం సరిగ్గా నాలుగుసార్లు చూశాను, ఈసారి మైదానంలోకి వచ్చేముందు చెయ్యి ఊపవయ్యా మహానుభావా, క్యూలోంచి పరిగెత్తుకొస్తాను అంది.

నవంబర్ 30

వాన. ఆట లేదు.

డిసెంబర్ 1, ఆదివారం, పొద్దున ఏడు

మేనేజర్ ఫోన్ చేశాడు. నిన్న వానకి పోయిన ఆటతో కలిపి ఇవాళ రెండు ఆటలు, ఒక్కోటి ఏడు ఇన్నింగ్స్. మొదటిది మొదలుపెట్టాల్సిన పిచ్చర్, అంటే తొలి బంతి నుంచీ వెయ్యాల్సినవాడు, చెల్లెలి పెళ్ళిలో చిందులేసి కాలు మడతేసుకున్నాడట. ఎస్మెర్లిన్‌ని రెండో ఆట చివరికి దాచుకోవాలి, నువ్వు మొదలుపెట్టు, మూడు ఇన్నింగ్స్ లాగితే చాలు అన్నాడు.

జీతానికి ఆడుతున్న ఇన్నేళ్ళలో ఒక్క ఆట కూడా నేను మొదలుపెట్టలేదు. బాత్రూంలోకి వెళ్ళి వాంతి చేసుకున్నాను. తర్వాత అక్కడే పాట పాడాను.

డిసెంబర్ 1, సాయంత్రం ఆరు

చెయ్యి సలుపుతోంది. అదృష్టం, అది ఎడమది.

వరసగా రాయాలి. రెండో ఇన్నింగ్స్‌లో ఒకడు కొట్టిన బంతి మావాడి గ్లవ్‌లోంచి జారింది, కొట్టినవాడు పరిగెత్తి మొదటి బేస్ చేరాడు. సరే, కొట్టి బేస్ చేరాడంటే హిట్టే, ఒకటి ఇచ్చాను, ఫర్వాలేదు అనుకున్నాను. మూడు ఇన్నింగ్స్ అయ్యాయి. నన్ను మార్చలేదు. నాలుగోది కూడా వేసి వచ్చి నా బంతులు పట్టే క్యాచర్, చీతో అనేవాడి పక్కన కూర్చున్నాను. చీతో చర్చిలో కూడా నోరు మూసుకోడు. అలాంటివాడు నీళ్ళ సీసా తీసుకుని బెంచీ ఆ చివరికి వెళ్ళిపోయాడు.

ఎస్మెర్లిన్‌ని, ఎలా వేస్తున్నానురా అని అడిగాను. వాడు వంగి బూటు లేసు కట్టుకున్నాడు. లేసు కట్టే ఉంది. నమలడానికి పొద్దుతిరుగుడు గింజలు అడిగితే ఎవరో మొహం అటు తిప్పుకుని పొట్లం ఇటు చాపారు.

అప్పుడు నాకంతా అర్థమైపోయింది. లిస్టు తయారైపోయింది. నా పేరు లేదు. అందరికీ తెలుసు, నా మొహం చూడలేకపోతున్నారు. శుక్రవారానికి అక్కర్లేని చెయ్యి కదా, అరిగితే అరగనీ అని నాతోనే వేయిస్తున్నారు. ఒళ్ళు మండిపోయింది. ఐదో ఇన్నింగ్స్‌లో ముగ్గురినీ తొమ్మిది బంతుల్లో పంపించేశాను.

ఆరోది అయ్యాక ఇక ఆగలేదు. తిన్నగా మేనేజర్ దగ్గరికెళ్ళి, నన్ను తీసేసేదుంటే మొహం మీద చెప్పండి, ఇలా అందరూ మూగనోము పట్టడం మర్యాద కాదు అన్నాను. ఆయన పైకప్పు చూశాడు. గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. టాయిలెట్‌లోకి దూరి గడియ పెట్టుకున్నాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఏడో ఇన్నింగ్స్. మేం ఒక్క పరుగు ముందున్నాం. ఇద్దరు ఔట్. ఎడమచేతి బ్యాటర్ వచ్చాడు, నేను బతుకంతా ఔట్ చేసిన రకం. నా వంపు బంతి వంగలేదు. వాడు శుభ్రంగా కొట్టాడు, హిట్.

స్టేడియం మొత్తం అయ్యో అంది. ఎవరో పోయినట్టు. ఇంకా గెలుస్తూనే ఉన్నాం కదా, ఎందుకీ ఏడుపు అనుకున్నాను. తర్వాత ఒక్కొక్కరే లేచి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఓహో, వీడ్కోలు అనుకున్నాను. టోపీ తీసి ఊపాను. కళ్ళల్లో నీళ్ళు.

చీతో ముసుగు పైకి తోసుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఒరేయ్ ముసలోడా, ఒక్కడేరా, ఇంకొక్కడే మిగిలాడు కదరా, నోరు కుట్టేసుకుని చచ్చాను కదరా మూడు ఇన్నింగ్స్ నుంచీ, ఒక్క హిట్ లేకుండా ముగించేవాడివి కదరా అని ఒకటే వరద. రెండో ఇన్నింగ్స్‌లోనే ఒకటి ఇచ్చాను కదా అన్నాను. అది ఫీల్డర్ తప్పు కింద రాశారు, లౌడ్‌స్పీకర్‌లో చెప్పారు, చెవుల్లో ఏం పెట్టుకున్నావు అన్నాడు. జనం బాకాల మోతలో నాకెక్కడ వినపడుతుంది!

ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా వేస్తున్న పిచ్చర్‌తో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే దిష్టి. ఈ సంగతి మా ఊళ్ళో మాటలు రాని పిల్లలకి కూడా తెలుసు. నేను కూడా ఎంతమంది కోసమో అలా నోరు మూసుకున్నాను. నా కోసం మాత్రం ఎవరూ ఎప్పుడూ మూసుకోలేదు. ఒక్క బ్యాటర్‌కి వేసి కూర్చునేవాడి కోసం ఎవరు మూసుకుంటారు?

నవ్వొచ్చింది. మైదానం మధ్యలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వాను. అంపైర్ దగ్గరికొచ్చి, బానే ఉన్నావా అని అడిగాడు. చీతో ఏడుస్తున్నాడు, నేను నవ్వుతున్నాను. హిట్ పోతే పోయింది. వీళ్ళకి నేనంటే కోపం లేదు. ఇంత సంతోషం నాకు పెద్ద లీగులో కూడా కలగలేదు. తర్వాతవాణ్ణి మూడు బంతుల్లో పంపించాను. గెలిచాం.

మేనేజర్ బయటికొచ్చి, అంతా చెడగొట్టింది నువ్వే, ఆరో ఇన్నింగ్స్‌లో నోరెవడు తెరవమన్నాడు నిన్ను అని తిట్టాడు. యోకాస్తా, సీట్లోంచి లేవకుండా ప్రతి బంతీ చూశాను, ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి, ముందు తిండి పెట్టించు అంది. నాన్న ఆఖరి రెండు ఇన్నింగ్స్ కళ్ళు మూసుకునే కూర్చున్నాడట. వచ్చి నా ఎడమచేతిని ముద్దుపెట్టుకున్నాడు. తర్వాత కుడిచేతి మీద మెల్లగా తట్టి, నువ్వేం అనుకోకమ్మా అన్నాడు.

డిసెంబర్ 2

ఎడమచెయ్యి భుజం దాటి లేవడం లేదు. అన్నం తినడానికి ఇబ్బందేం లేదు.

డిసెంబర్ 4

ఒక్క ఆట చూసి ఎవరూ చోటివ్వరు. నాకు తెలుసు. పెద్దోళ్ళు అమెరికానుంచి దిగారు, వాళ్ళ కార్లతో పార్కింగ్ నిండిపోయింది.

డిసెంబర్ 6, శుక్రవారం

లిస్టు అంటించారు. చివర్లో వచ్చే పిచ్చర్ల వరస చూశాను. ఎస్మెర్లిన్ పేరుంది. నాది లేదు. రెండోసారి వేలు పెట్టి చదివాను. లేదు. సరే, ఇక ఇంటికెళ్ళి అరటికాయలు ఒలుద్దాం అనుకున్నాను. ఎస్మెర్లిన్ వెనకనుంచి వచ్చి నా తల రెండు చేతులతో పట్టుకుని పైకి తిప్పాడు. అక్కడ కాదన్నా, ఇక్కడ చూడు అన్నాడు.

ఆట మొదలుపెట్టే పిచ్చర్లు. నాలుగో పేరు నాది.

మేనేజర్ లోపలినుంచే, మంగళవారం మొదటి బంతి నీదే, ఏడుపులేమైనా ఉంటే ఇవాళే కానిచ్చెయ్ అని అరిచాడు. ఆయన మాట విన్నాను. అందరి ముందూ ఏడ్చేశాను.

డిసెంబర్ 10, మంగళవారం, పొద్దున పది

యోకాస్తా కాఫీ బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్ళిపోయింది. నాన్న నన్ను చూసి గోడవైపు తిరిగాడు. మూల కొట్టుకి వెళ్తే డామినోలు ఆడేవాళ్ళు ఆట ఆపేసి ఆకాశం చూశారు. కొట్టువాడు నేనడిగింది చేతిలో పెట్టి లోపలికి తప్పుకున్నాడు. డోన్యా మెమా కిటికీ మూసుకుంది.

ఆట సాయంత్రం ఏడింటికి. నేనింకా ఒక్క బంతి కూడా వెయ్యలేదు.