గూడబాతు బొమ్మ, సన్న సూది

సెప్టెంబరు 9, మంగళవారం

గూడబాతు పూర్తయింది. మొన్న కొల్లేరు గట్టు మీద నిజం బాతుల్ని చూసి ఆయన అక్క కూతురు చిట్టి చేతులూపింది కదా, అందుకని. ఒళ్లు ఆయన పాత తెల్ల లుంగీ. ముక్కు నా పసుపు జాకెట్టు ముక్క. దాని కింద చేపలు పట్టే సంచి ఆయన చొక్కా జేబు. లోపల పాత పరుపు దూది, ఎండబెట్టి ఏకినది. కళ్లకు గుండీలు వద్దనుకున్నాను. పిల్ల పీకి మింగేస్తుంది. నల్ల దారంతోనే కుట్టాను.

చివరి కుట్లు వేస్తుంటే బయట ఆటో హారన్. వదిన పిల్లతో వాళ్లూరు వెళ్లడానికి తాడేపల్లిగూడెంలో రైలు అందుకోవాలి. గుమ్మంలోంచి అత్తయ్య: "కానీయ్ అమ్మాయ్, నీ బాతు కోసం రైలు ఆగుతుందా?" ముడి వేసి, దారం పళ్లతో కొరికి ఇచ్చేశాను. చిట్టి వెంటనే నోట్లో పెట్టుకుంది. పళ్లొస్తున్నాయి... ఏది దొరికినా కొరకడమే. వదిన నవ్వారు. "రాణత్త ఎంత బాగా కుట్టిందో చూడవే!"

పక్కింటి సూరమ్మగారు కూడా చూశారు. "వాళ్లకీ వీళ్లకీ కుట్టడమేనా అమ్మా? మీ ఇంట్లోకి ఎప్పుడు?" అందరూ విన్నారు. నేను నవ్వాను.

అదే రోజు, దీపాల వేళ

సన్న సూది లేదు. కళ్లు కుట్టింది దాంతోనే. ముక్కుకి పెద్ద సూది తీసినప్పుడు, సన్నదాన్ని చేతికి అందుతుందని బాతు మెడలో గుచ్చి పెట్టాను. ఎప్పుడూ అంతే, మెత్తగా ఏదుంటే దానికి గుచ్చడం. మళ్లీ తీశానా? గుర్తు లేదు. పైటకి లేదు. దారపు ఉండకి లేదు. చాప దులిపాను...

"అత్తయ్యా, నా సూ..."

"దీపం పెట్టాక దాని పేరెత్తకు. తెల్లారాక చూసుకుందువుగాని."

సరేనండీ అన్నాను. ఆవిడ ఆపారు కాబట్టి ఆగాను అని రాయబోయాను. కాదు. ఆపగానే హాయిగా అనిపించింది.

సెప్టెంబరు 10

పాడైపోయిన స్పీకర్లోంచి ఆయన తీసిన అయస్కాంతం ఒకటుంది. దాన్ని గదంతా తిప్పాను. పిన్నీసులు, హుక్కులు, ఓ తుప్పు మేకు. సూది రాలేదు.

"ఇంకా ఆ సూదేనా వెతుకుతున్నావు?" అన్నారు అత్తయ్య.

"కాదండీ, జాకెట్టు హుక్కు."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చింది.

ఆయన చేపల మేత వ్యానుతో ఆకివీడు వెళ్లారు. వచ్చాక చెబుదామనుకున్నాను. వచ్చారు. అన్నం పెట్టాను. చెప్పలేదు.

సెప్టెంబరు 11

వదిన ఫోటో పంపారు. ఆయన ఫోన్ నా ముఖం ముందు పెట్టి, "నీ బాతుకి మెడ మిగిలేలా లేదు" అని ఒకటే నవ్వు. చిట్టి సరిగ్గా మెడ దగ్గరే కొరుకుతోంది.

పప్పు మాడుతోందని వంటింట్లోకి వచ్చేశాను. పప్పు ఇంకా పొయ్యి మీద పెట్టనే లేదు.

సెప్టెంబరు 12

వదినకి చేద్దామని ఆయన ఫోన్ రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను.

సెప్టెంబరు 13

చెబితే ఏమంటారో తెలుసు. సూరమ్మగారు నోటితో అనకపోయినా కళ్లతో అంటారు. పిల్లల్లేని దాని కడుపుమంట అని. వదిన అలా అనరు. కానీ ఒక్కసారి అనుకుంటారేమో... ఆ ఒక్కసారి చాలు.

ఇంకొకటి ఉంది. ఆ రోజు నేను కుడుతుంటే చిట్టి నా ఒళ్లో కూర్చుని దారం లాగుతూ ఆడుకుంది. ఇది నా పిల్లయితే అనుకున్నాను. వదిన చేతులు చాపగానే దిగి వెళ్లిపోయింది. అప్పుడే సూది మెడలో గుచ్చాను. గట్టిగా గుచ్చాను. కోపంతోనా, మామూలుగానేనా? ఎంత ఆలోచించినా తేలడం లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఆయన ఫోన్ అడిగి చేశాను. "వదినా, ఆ బాతుని పిల్లకి ఇవ్వకండి. దూదిలో... చీమలున్నాయేమో."

"చీమలా? ఓసారి ఎండలో పడేస్తాలేవే."

సాయంత్రం మళ్లీ ఫోటో. బాతుని పొట్టకి కరుచుకుని చిట్టి నిద్రపోతోంది. "చీమల్లేవు, దిగులుపడకు" అని కింద రాశారు.

సెప్టెంబరు 15

చెప్పేశాను. ఆయన ముందే, అత్తయ్య ముందే. "వదినా, అందులో సూది ఉందేమో."

అటు కత్తెర కోసం కాబోలు సొరుగులు లాగిన చప్పుడు, చిట్టి ఏడుపు. ఫోన్ కట్టయింది. ఆయన నా వైపు చూడలేదు. అత్తయ్య ఒక్క మాటే అన్నారు. "హుక్కన్నావు కదే."

కాసేపటికి వదినే చేశారు. మెడ చీల్చారట, ఒళ్లు చీల్చారట, దూదంతా పీచుపీచుగా విడదీశారట.

"ఇందులో లేదే, రాణీ."

"హమ్మయ్య" అన్నాను.

"హమ్మయ్య ఏంటే? ఇందులో లేకపోతే మరి ఎక్కడుంది?"

చిట్టిని ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు.

సెప్టెంబరు 16

ఎక్స్‌రేలో ఏమీ లేదు. పిల్ల బాగానే ఉందట. ఆయన చెప్పి, చొక్కా వేసుకుని పనికి వెళ్లిపోయారు. అత్తయ్య కొబ్బరికాయ కొట్టి నాకూ ముక్క పెట్టారు. చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

సూది ఇంట్లోనూ దొరకలేదు.

సెప్టెంబరు 18

వదిన ఫోన్. ముందు ఆయనతో, తర్వాత నాతో. తిన్నావా, మీకు వానలున్నాయా అని మామూలు మాటలే. నేనూ ఉన్నాయండీ, తిన్నానండీ అంటున్నాను.

అప్పుడు అడిగారు, మెల్లగానే. "మొదటి రోజే ఒక్క మాట చెబితే నేను నిన్నేమంటాననుకున్నావు రాణీ?"

సూరమ్మగారు అన్నది చెప్పాలనుకున్నాను. ఒళ్లోంచి దిగి వెళ్లిపోయింది అని చెప్పాలనుకున్నాను. వెనకాల చిట్టి గొంతు వినిపిస్తోంది.

"దాని బాతు కోసం పాక్కుంటూ మంచాల కిందంతా వెతుకుతోంది" అన్నారు.

ఇంకోటి కుట్టి పంపమని అనలేదు. కుట్టనా అని నేను అడగలేదు. ఇద్దరం ఫోన్ పట్టుకునే ఉన్నాం.