సోమవారం అడిగే ప్రశ్న

బసంత్‌నగర్,
28 జనవరి 1997, మంగళవారం.

గౌరవనీయులైన సదయ్య అన్నగారికి,

తమ్ముడు ముష్తాక్ సలాం చేసి రాస్తున్నాను. మా ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. రంజాన్ నెల కదా, అమ్మా నేనూ రోజా ఉంటున్నాం. మీ ఇంట్లో వదిన, పిల్లలు, ముఖ్యంగా మీ చెల్లెలు పూలమ్మ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను. ఉన్నారని మీ నుంచి జవాబు వస్తే తప్ప నా మనసు కుదుటపడదు.

మీ కార్డు అందింది. ఇరవయ్యో తేదీన రాశారు, నా చేతికి నిన్న వచ్చింది. ఇన్నాళ్లూ ఎక్కడుందంటే బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో, గల్లాపెట్టె పక్కన, బిస్కెట్ల సీసాకు ఆనించి ఉంది. సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి వచ్చినవాళ్లు చాయ్ తాగుతూ పైకి చదివి వినిపించుకున్నారట. నేను కనబడగానే హోటల్ రాయమల్లు కాక కార్డు చేతిలో పెట్టి, ఏం జేసినవ్‌రా బిడ్డా, గోదావరిఖనోళ్లు గింత గరమైండ్రు అని అడిగాడు. చాతగానోడివి మందికి పంచిపెట్టుడెందుకు, పుక్కట్ల ఇచ్చిన అని చేతులు దులుపుకుంటవా, ఐలవ్వ పాణం పోతే నువ్వస్తుంటివా అని మీరు రాసిన మాటలు అప్పటికే ఆయనకు కంఠతా వచ్చేశాయి. అన్నా, తిట్టాలనిపిస్తే తిట్టండి, కాదనను. కానీ ఇన్‌లాండ్ లెటరులో తిట్టండి. కార్డు మీద రాసింది ఊరందరికీ రాసినట్టే.

అయినా మీ కోపంలో అబద్ధం లేదు. పదహారో తేదీ పొద్దున పది గంటలకు దవాఖాన నుంచి ఫోనొచ్చింది. ఐలవ్వకు ఓ నెగెటివ్ రక్తం కావాలి. మీరు రక్తదాతల సంఘం గదిలో కంప్యూటరు తెరిచి చూస్తే, ఆ రక్తమున్న ముగ్గురికీ ఈ వారం రెండో షిఫ్టు, పొద్దున ఇంట్లోనే ఉంటారని నేను రాసిచ్చిన ప్రోగ్రాం చూపించింది. మీవాళ్లు సైకిళ్లు తొక్కుకుంటూ మూడిళ్లకూ పోతే ముగ్గురూ మొదటి షిఫ్టులో బాయి కింద బొగ్గు దగ్గర ఉన్నారు. కబురు కిందికి పోయి, ఆ ముగ్గురిలో రాజం పైకొచ్చి, దవాఖానకు చేరేసరికి ఒంటిగంట. మూడు గంటలు. ఐలవ్వ బతికింది కాబట్టి మనం ఇలా ఉత్తరాలు రాసుకుంటున్నాం.

నిన్న సాయంత్రం రోజా విడిచి, రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకుని, ప్రోగ్రాం లైన్లు మొత్తం చాప మీద పరుచుకుని కూర్చున్నాను. తప్పు దొరికింది. మీ షిఫ్టు వారంవారం మారుతుంది, మూడు వారాలకు మళ్లీ మొదటికొస్తుంది. నా ప్రోగ్రాం వారాలను జనవరి ఒకటి నుంచి లెక్కపెడుతుంది. ఏడాది మారగానే మళ్లీ ఒకటి అంటుంది. యాభై రెండు వారాలను మూడు చొప్పున విడదీస్తే ఒకటి మిగిలిపోతుంది. బాయిలో షిఫ్టుకు కొత్త సంవత్సరంతో పనేముంది, దాని వరసలో అది తిరుగుతుంది. నా లెక్క మాత్రం ఒక వారం పక్కకు జరిగింది. ఇది మొదటి రోజు నుంచీ ఉన్న తప్పు, నాదే.

మరి రెండేళ్లుగా ఎందుకు బయటపడలేదని మీరు అడుగుతారు. నేనూ నన్ను అదే అడిగాను. గుర్తుందా అన్నా, ప్రతి సోమవారం ప్రోగ్రాం తెరవగానే ఒక ప్రశ్న వచ్చేది. రాజంకు ఈ వారం ఏ షిఫ్టు అని. జవాబు కొట్టందే ముందుకు కదలనిచ్చేది కాదు. ఆ జవాబు చూసుకునే అది తన లెక్క సరిచేసుకునేది. పోయిన ఎండాకాలం మీరు ఉత్తరం రాశారు, సోమవారం వచ్చిందంటే చాలు రాజం ముచ్చటే అడుగుతది, వాడేమన్న దీని అల్లుడా, ఆ ప్రశ్న తీసెయ్యి తమ్మీ అని. చదివి నవ్వుకున్నాను. అప్పటికే కాసిపేటలో ఇదే ప్రోగ్రాం వాడే ముత్యం కూడా అదే గోల పెట్టి ఉన్నాడు. ఏయే లైన్లు కొట్టేయాలో రాసి పంపాను. మీరు కొట్టేశారు. చివరిసారి సరిచేసుకున్న లెక్కతో అది డిసెంబరు దాకా నడిచింది, ఏడాది మారగానే తప్పింది.

ఆ ప్రశ్న ఎందుకు పెట్టానో అప్పటికి నేనే మరిచిపోయాను. నమ్ముతారో లేదో, మూడేళ్ల కింద రాసేటప్పుడే ఏడాది చివర లెక్క తప్పుతుందని అనుమానపడి, సరిచేసే ఓపిక లేక, సోమవారం ఒకసారి మనిషినే అడిగితే పోలా అని పెట్టుకున్నాను. పక్కన ఒక ముక్క రాసి పెట్టుకున్నా సరిపోయేది. రాసుకోలేదు. మీరు తీయమన్నారు, నేను తీయించాను. ఐలవ్వ మూడు గంటలు ఎదురుచూసింది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. దీనితో పాటున్న కాగితం మీద ఆరు లైన్లు రాశాను. పాత లైన్లు తీసి వీటిని కొట్టాలి. ఇక మీద వారాలను జనవరి నుంచి కాకుండా ఒకే ఒక్క పాత సోమవారం నుంచి తెగకుండా లెక్కపెడుతుంది. సున్నా ఉన్నచోటల్లా అడ్డగీత పెట్టాను, ఇంగ్లిషు అక్షరమనుకోకండి. కాగితం మూల నూనె మరక ఉంది, దాని కింద ఉన్నది ఏడు అంకె. ఒకటి కాదు. ఫ్లాపీ పంపకపోవడానికి కారణం ఏమిటంటే, పోస్టాఫీసులో ముద్ర కొట్టేవాడి దెబ్బకు పోయినసారి అట్టముక్కల మధ్య పెట్టినా పాడైపోయింది. అందుకే చేత్తో రాశాను.

కొట్టిన తర్వాత వెంటనే వాడకండి. కంప్యూటరులో తేదీని ఈ నెల పదహారుకు మార్చి, రాజం షిఫ్టు చూడండి. మొదటి షిఫ్టు అని రావాలి. తర్వాత డిసెంబరు ముప్పై పెట్టి చూడండి. అది సోమవారం, అదే వారం బుధవారం నాడు ఏడాది మారింది. సోమవారం ఏ షిఫ్టు చూపిస్తే శుక్రవారం కూడా అదే చూపాలి. క్యాలెండరు మీద వేలు పెట్టి ఒక్కో వారం దాటుకుంటూ నేను నాలుగుసార్లు లెక్కపెట్టాను, నాలుగుసార్లూ సరిగ్గానే వచ్చింది. అయినా మీరు చూడండి. తెర మీద ఏం కనబడినా, తప్పయినా ఒప్పయినా, ఉన్నది ఉన్నట్టు రాసి పంపండి. బాగనే నడుస్తుంది అని ఒక్క ముక్కతో సరిపెట్టకండి, దయచేసి.

సోమవారం ప్రశ్న కూడా మళ్లీ పెట్టాను. ఈసారి విసుక్కోకుండా జవాబు కొట్టండి.

పూలమ్మ కాన్పు ఫిబ్రవరి పది అటూ ఇటూ అని డాక్టరమ్మ చెప్పిందని కార్డు చివర సందు చూసుకుని రాశారు. ఆమెదీ ఓ నెగెటివేనని అది చదివాకే తెలిసింది. మీ కోపమంతా ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది. రాజం మొన్ననే ఇచ్చాడు, ఏప్రిల్ దాకా మళ్లీ ఇవ్వలేడు. మిగిలింది ఇద్దరే. అన్నా, నా ప్రోగ్రాంను నమ్ముకుని కూర్చోకండి. ఈ ఉత్తరం అందిన రోజే ఆ ఇద్దరి ఇళ్లకూ పోయి, నాలుగు వారాల షిఫ్టు వాళ్ల నోటితోనే అడిగి, కాగితం మీద రాసి దవాఖానలో ఒకటి, మీ గోడకు ఒకటి అంటించండి. ఎవరైనా డ్యూటీ మార్చుకుంటే ముందు మీకు చెప్పాలని మాట తీసుకోండి. నేను చేసిన దాని గురించి నేనే ఇలా రాయడం సిగ్గుగానే ఉంది.

ఒక మాట అడగనా? కోపం తెచ్చుకోకండి, లేదా తెచ్చుకోండి, ఇద్దరం సమానమవుతాం. ఈ ప్రోగ్రాం ఇచ్చిన రోజు మొదటి తెర మీదే రాశాను, ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, లైన్లు చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది నాకూ పంపండి అని. ఆరు ఊళ్లలో వాడుతున్నారు. పంపింది ముత్యం ఒక్కడే, అదీ పేరు పొడవుగా ఉంటే తెగిపోతోందని తనే సరిచేసి. మిగతావాళ్లు పంపినవన్నీ హుకుములే. ఒకరికి రంగురంగుల అక్షరాలు కావాలట. ఒకాయన తెర నల్లగా ఉంది, ఏం ప్రోగ్రాం ఇది అని రెండు పేజీలు రాశాడు. చివరికి చూస్తే ఆ పూట కరెంటు లేదు. బాగుంది అని ఒక్క ఉత్తరం రాలేదన్నా. బాగున్నప్పుడు ఎవరికీ నేను గుర్తుకురాను. నేనేమీ దాచుకోలేదు, ప్రతి లైనూ మీ ముందే ఉంది. రెండేళ్లలో మీరు ఒక్కసారైనా తెరిచి చదివారా?

ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను, ఉంచేశాను. నిన్న నేను ఇలాగే గొణుక్కుంటుంటే మా అమ్మ షహజాదీ బేగం విని, వాళ్ల ఇంట్ల ఆడపిల్ల కాన్పుకున్నది, నీ రోషం ఈద్ తర్వాత చూసుకుందువు తియ్యి అంది. మీ పూలమ్మ కోసం దువా చేస్తున్నానని రాయమంది. రాస్తున్నాను.

జవాబు జల్ది పంపండి. అది చూసేదాకా నాకు ఫికరే.

ఇట్లు,
పోస్టుమన్ సైకిలు గంట వినబడితే లేచి నిలబడే మీ తమ్ముడు
ముష్తాక్

తా.క. కవరు అంటించి మళ్లీ చింపాను. పోస్టులో ఫ్లాపీ పాడవుతుందని పైన రాశాను కదా, ఈ ఉత్తరం గోదావరిఖని బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను, రేపటికల్లా మీకు అందుతుంది. ఫ్లాపీ కూడా ఆయన చేతికే ఇవ్వొచ్చు కదా అని మీరు అనుకోకముందే నిజం చెప్తున్నాను. నా దగ్గర కంప్యూటరు లేదు. దసరా తర్వాత అలీముద్దీన్ సాబ్ ఇన్‌స్టిట్యూట్ మూసేసి, కంప్యూటరు బండిలో వేసుకుని కరీంనగర్ పోయాడు. మీరు ఇంకా ఆ చిరునామాకే రాస్తున్నారు, తలుపుకు తాళం ఉండబట్టే మీ కార్డు చాయ్ హోటల్లో పడి ఉంది. నేనిప్పుడు ఇస్మాయిల్ మామ షెడ్డులో లారీ రేడియేటర్లు బాగుచేస్తున్నాను. నూనె మరక అక్కడిదే.

దసరా నుంచి మీకూ ముత్యంకూ పంపిన సవరణలన్నీ పాత కాగితాలు ముందేసుకుని, మనసులో నడిపి చూసుకుని రాసినవి. ఒక్కటి కూడా కంప్యూటరులో నడవగా నేను చూడలేదు. మీరు దీపావళికి పంపిన ఫ్లాపీ మా ఇంటి గూట్లో అలాగే ఉంది. ఈ ఆరు లైన్లు కూడా అంతే. అవి తప్పితే నాకు తెలిసే దారి మీ ఉత్తరమొక్కటే, అందుకే అన్నిసార్లు బతిమాలాను. ముందే చెబితే ఇక వీడి పని అయిపోయిందని అందరూ వదిలేస్తారేమోనని భయపడ్డాను. మీ కార్డు చదివాక ఇంకా నోరు రాలేదు.

ఆదివారం షెడ్డుకు సెలవు. మీ సంఘం గది తాళం తీసి పెడతానంటే మొదటి బస్సుకే వస్తాను. రోజా కాబట్టి చాయ్ కూడా పొయ్యి మీద పెట్టనక్కర్లేదు. ఒక కుర్చీ వేసి, సాయంత్రం దాకా మీ కంప్యూటరు ముందు కూర్చోనివ్వండి. పక్కన మీరూ కూర్చోండి, లైన్లు ఇద్దరం కలిసి చదువుదాం. రమ్మనేటట్టయితే ఒక్క ముక్క రాయండి. కార్డు మీదే రాయండి అన్నా, హోటల్లో అందరూ చదవనీ.