దొరసాని వెనకడుగు

పూజ్యులైన మామయ్యకి,

మేనల్లుడు సాష్టాంగపడి (ఆఫీసులో చోటు చాలక సగమే పడి) రాసుకునే విన్నపం.

ఇక్కడ అంతా క్షేమం. మీరు ముప్పై ఒక్క ఏళ్లు బండి తోలిన రవాణా కంపెనీలోనే నేను చేరి ఐదు నెలలైందని మీకు తెలుసు. ఆరో నెల పూర్తవగానే, అంటే వచ్చే నెల పదో తేదీన, నన్ను ఉంచాలో సాగనంపాలో మేనేజరుగారు తేలుస్తారు. నాది ప్రచార విభాగం. విభాగంలో నేనూ, ఒక బల్లా, కాలు విరిగిన కుర్చీ ఉన్నాం. ముగ్గురిలో బల్లది మాత్రమే పర్మనెంటు ఉద్యోగం.

అసలు సంగతికి వస్తాను. కంపెనీకి అరవై ఏళ్లు నిండాయని యార్డులో అద్దాల హాలు కట్టారు. అందులో పాత సరంజామా అంతా ప్రదర్శనకి పెడతారు. అన్నిటికీ మకుటం మీ దొరసాని. అవును మామయ్యా, మీరు తోలిన ఆ పొడుగు ముక్కు లారీయే, వెనక ట్రెయిలరుతో సహా. మెకానిక్కులు నాలుగు నెలలు కుస్తీ పట్టి లేపారు. లేచింది గానీ, స్టార్టు చేసినప్పుడల్లా పక్క వీధిలో పసిపిల్లలు కూడా లేస్తున్నారట.

దాన్ని లోపల ఎవరు పెట్టాలన్న మీటింగులో నేను నోరు జారాను. వేరే డ్రైవరెందుకు, మా మామయ్య ఒంటిచేత్తో పెట్టేస్తాడు అన్నాను. ఐదు నెలల్లో మొదటిసారి మేనేజరుగారు నా వంక తల తిప్పి చూశారు. "అయితే ఆ పూచీ నీదేనయ్యా" అన్నారు. కాబట్టి మీరొస్తే నా ఉద్యోగం నిలుస్తుంది. రాకపోతే ఈ కుర్చీ నాకంటే ఎక్కువ కాలం ఇక్కడ ఉంటుంది.

పని చాలా చిన్నది. దొరసాని మొహం జనం వైపు ఉండాలి కనక వెనక్కి నడిపి పెట్టాలి. ఎనభై అడుగులు రివర్సు. తలుపుకి అటూ ఇటూ జానెడేసి ఖాళీ, మిగతాదంతా అద్దాలు. మీకిది ఆవులించినంత పని. ముహూర్తం తొమ్మిదో తేదీ ఉదయం పది గంటలకి.

మీ ఆశీస్సులూ, స్టీరింగూ కోరే
మేనల్లుడు

తా.క. కంపెనీ అరవై ఏళ్ల ప్రత్యేక సంచికలో వేయడానికి మీ పాత అనుభవాలు రాసి పంపండి. వీరత్వం కొంచెం ఎక్కువైనా పర్వాలేదు. తగ్గించడం నా పని కాదు, నాది ప్రచారం.

*

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవించి రాసేది.

మేం కులాసా. నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. ఎనభై అడుగుల దగ్గరికి రాగానే నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే చెప్పదు.

దొరసాని లేచిందంటే నాకూ ప్రాణం లేచొచ్చింది. తొమ్మిదో తేదీ సంగతి తర్వాత చూద్దాం. ముందు అనుభవం అడిగావు కదా, రాసుకో.

ఒకసారి తొంభై టన్నుల బాయిలరు వేసుకుని వెళ్తున్నాను. దారిలో రైలు వంతెన అడ్డం వచ్చింది. బాయిలరేమో వంతెన కంటే నాలుగు వేళ్లు ఎత్తు. పది బారలు వెనక్కి వెళ్తే పక్కదారి ఉంది. వెనక్కి తియ్యండి డ్రైవరుగారూ అని ఊరు ఊరంతా మొత్తుకుంది. నేను వింటానా? దొరసానికీ ట్రెయిలరుకీ కలిపి ముప్పై టైర్లు. ముప్పైటికీ గాలి తీయించి, బాయిలరుని వంతెన కింద నుంచి పిల్లిలా అవతలికి దూర్చాను. అక్కడి నుంచి రెండు రోజులు చేతిపంపుతో గాలి కొట్టాం. ట్రాఫిక్ పోలీసాయన కూడా వంతు వేసుకుని కొట్టాడు. ట్రాఫిక్ అంతా నేనే ఆపేశాను కనక ఆయనకి వేరే పని లేదు.

దీన్నిబట్టి నువ్వు గ్రహించాల్సింది ఏమిటంటే, డ్రైవరన్నవాడు ముందుకే చూడాలి.

ఇట్లు
మామయ్య

తా.క. హాలుకి అవతలి వైపు కూడా తలుపు ఉందా? ఊరికే అడుగుతున్నాను.

*

వీరాధివీరులైన మామయ్యకి,

మేనల్లుడి నమస్కారాలు.

మీ వంతెన గాథ అచ్చులోకి వెళ్లింది. "ముందుకే చూడాలి" అన్న మాట మేనేజరుగారికి ఎంత నచ్చిందంటే, ఆఫీసు గోడ మీద నీలం రంగుతో రాయించారు. ఆ రోజు నుంచి గుమాస్తాలు పాత ఫైళ్లు తీయడం మానేశారు. అడిగితే గోడ చూపిస్తున్నారు.

హాలుకి అవతలి వైపు తలుపు లేదు. ఆ గోడకి ఆనుకుని ఒక దర్జీ కొట్టు ఉంది. మీరెందుకు అడిగారో నాకు ఇట్టే అర్థమైంది. లోపల గాలి ఆడదేమోనని మీ బెంగ. రెండు ఫ్యాన్లు పెట్టిస్తున్నాం.

మరో శుభవార్త. పోస్టర్లు వేయించాను. మీ పాత ఫొటో, దాని కింద "వెనక్కి నడపడంలో వెనకడుగు లేని మొనగాడు, ఒకే ఊపులో ఎనభై అడుగులు" అని లావు అక్షరాలు. మూడు వందల పోస్టర్లు ఊరంతా అంటించాం. గోడలు చాలక మేనేజరుగారి కారుకి కూడా ఒకటి అంటించాను. ఆయన ఇంకా చూసుకోలేదు.

మిమ్మల్ని తలుచుకుని ఛాతీ విరుచుకుని తిరుగుతున్న
మేనల్లుడు

తా.క. అత్తయ్యకి మొదటి వరసలో మెత్తటి కుర్చీ వేయిస్తున్నాను. పాపం, ఇన్నేళ్లూ ఇల్లు చూసుకోవడమే సరిపోయింది. మీరు రివర్సు చేస్తుంటే కళ్లారా చూసే భాగ్యం ఆవిడకి ఇప్పుడైనా దక్కాలి.

*

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు.

నీ తాజాకలం విని మీ అత్తయ్య పొయ్యి కట్టేసి మరీ వచ్చి కూర్చుని నవ్వింది.

ఒరేయ్, నాకు నడుం పట్టేసింది. వెనక్కి తిరిగి చూడాలంటే ప్రాణం పోతోంది. ముందుకి చూడ్డానికి ఏ ఇబ్బందీ లేదు. ఈ మాట మీ మేనేజరుగారి చెవిన నెమ్మదిగా వెయ్యి.

ఇంకో అనుభవం రాస్తున్నాను. చక్కెర మిల్లుకి పెద్ద ఇనప గేరు చక్రం తీసుకెళ్లాను. నడక వేగం మీద ప్రయాణం. దారిలో ఒక శవాన్ని మోసుకెళ్తున్న వాళ్లు మమ్మల్ని దాటుకుపోతూ వెనక్కి తిరిగి జాలిగా చూశారు. సరే, మిల్లుకి చేరాం. గేటు పది అడుగులు దాటేశాను. వెనక్కి రమ్మని వాచ్‌మన్ చెయ్యి ఊపాడు. నేను ఊరు చుట్టి వచ్చాను. పంతొమ్మిది మైళ్లు. మధ్యలో ఆటల మైదానం అడ్డం వస్తే ఒక పక్క దూరి ఇంకో పక్క తేలాను. గోలుపోస్టు లోడుకి తగులుకుని నాతో వచ్చేసింది. గోల్‌కీపరు కూడా కొంత దూరం వచ్చాడు, ఉద్యోగధర్మం మరి.

సాయంత్రానికి మిల్లు దగ్గరికి వచ్చాను. మళ్లీ పది అడుగులు దాటేశాను.

రెండో చుట్టులో ఆటగాళ్లు ముందే పక్కకి జరిగి వరసగా నిలబడ్డారు. మర్యాదస్తులు.

ఇట్లు
నడుంనొప్పి మామయ్య

తా.క. హాలు వెనక గోడ ఇటుకదా, సిమెంటుదా? ఇటుకదైతే నా దగ్గర ఒక ఆలోచన ఉంది. ఆ దర్జీ మంచివాడేనా?

*

నడుంనొప్పి మామయ్యకి,

మేనల్లుడు కించిత్తు అనుమానంతో రాసేది.

మీ నడుం గురించి చదివి మా గుండెలు జారిపోయాయి. వెంటనే కంపెనీ డాక్టరుగారిని మీ ఇంటికి పంపాం. ఆయన నివేదిక నా బల్ల మీద ఉంది. రోగి నిచ్చెనెక్కి వసారా రేకులు బిగిస్తూ కనిపించాడనీ, కింద నుంచి మేకులు అందించమన్నాడనీ, గంటసేపు అందించాక ఇప్పుడు తన నడుం పట్టేసిందనీ రాశారు.

కాబట్టి నొప్పి నడుంలో లేదు. రాత్రంతా ఆలోచిస్తే నిజం తట్టింది. మీకు చూపు మందగించింది. చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. సిగ్గెందుకు మామయ్యా? ఉపాయం ఆలోచించాను. ఒక కుర్ర డ్రైవరుకి మీ ఖాకీ కోటూ టోపీ తొడిగి స్టీరింగు ముందు కూర్చోబెడతాను. మీరు పక్కన కూర్చుని హాయిగా చెయ్యి ఊపండి. జనానికి ఏం తెలుస్తుంది?

వెటకారం కాసేపు పక్కన పెట్టి అడుగుతున్నాను. ఊళ్లో మూడు వందల పోస్టర్లున్నాయి. ఆ రోజు దొరసాని లోపలికి వెళ్లకపోతే, మర్నాడు నేను బయటికి వెళ్తాను. ఏదో ఒక మాట చెప్పండి.

మీ
మేనల్లుడు

తా.క. గోడ ఇటుకదే. దర్జీ కూడా మంచివాడే. మీ చొక్కా కొలతలు పంపమంటున్నాడు, మీరు అందుకే అడిగారనుకుంటున్నాడు.

*

ఒరేయ్ మేనల్లుడా,

దీవెనలు తర్వాత.

నాకు చూపు లేదా? ఎదురింటి గోడ మీద పాకే చీమ ఎంత దిగాలుగా ఉందో ఇక్కడ నుంచి చెప్పగలను. దొరసాని స్టీరింగు మీద ముక్కూమొహం తెలియని కుర్రవాడి చెయ్యి పడితే నేను ఊరుకోను. పోస్టర్లు వేయమని నిన్నెవరు అడిగారు? వేసినవాడివి, ఆ మొనగాడు అన్న మాటైనా తీసెయ్యి. అది చదివినప్పటి నుంచి నాకు అన్నం దిగడం లేదు.

నీ ఉద్యోగం పోగొట్టను. అలాగని యార్డులో అందరి ముందూ... ఇదిగో, ఇక్కడికి వచ్చేసరికి కలం ఆగిపోతోంది. ఇప్పటికి నాలుగు కాగితాలు చింపాను. ఇంకో కాగితం తీస్తుంటే మీ అత్తయ్య కలమే లాక్కుంటోంది. మిగతాది ఆవిడే రాస్తుందట.

మామయ్య

తా.క. నడుం నిజంగానే నొప్పి. మేకులు కొట్టడానికి మాత్రం అడ్డం రాదు.

*

చిరంజీవి మేనల్లుడికి,

అత్తయ్య ఆశీస్సులు.

నాయనా, మీ మామయ్యకి రివర్సు రాదు. మర్చిపోవడం కాదు, ఎప్పుడూ రాలేదు. ముందుకి తోలితే ఆయనంతటివాడు లేడు. కొండ దారిలో డాష్‌బోర్డు మీద గ్లాసుడు నీళ్లు పెడితే తొణకవు. వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం స్టీరింగు ఎడమకి తిప్పితే ట్రెయిలరు కుడికి పోతుంది చూడు, అది ఈ జన్మకి ఆయన బుర్రకెక్కలేదు.

ముప్పై ఒక్క ఏళ్లూ రివర్సు చేసింది నేను.

మా నాన్నకి లారీల షెడ్డు ఉండేది. నాకు పెద్ద బండి లైసెన్సు ఉంది. ఒకరోజు మీ మామయ్య లోడుతో మా షెడ్డుకి వచ్చి, స్తంభానికీ గోడకీ మధ్య ఇరుక్కుని, మధ్యాహ్నం దాకా ఇంజను పాడైనట్టు నటించాడు. నేనెక్కి బయటికి తీసిచ్చాను. మర్నాడు లోడు లేకుండా వచ్చి మళ్లీ అక్కడే ఇరుక్కున్నాడు. అప్పుడు మా నాన్నకి సంగతి అర్థమైంది. అలా కుదిరింది మా పెళ్లి.

అప్పటి నుంచి, మీ అందరికీ పుట్టింటికని చెప్పి, ప్రతి ట్రిప్పుకీ వెంట వెళ్లాను. గేటు రాగానే సీట్లు మారేవాళ్లం. ఆయన కోటూ టోపీ నేను వేసుకునేదాన్ని. నువ్వు కుర్ర డ్రైవరుకి తొడుగుతానన్నవి అవే, ఆ ఏర్పాటు మాకు కొత్త కాదు. మరి ఎవరూ గుర్తుపట్టలేదా అంటావు. లారీ వెనక్కి వస్తుంటే అందరూ వెనక చక్రాలే చూస్తారు నాయనా, డ్రైవరు మొహం ఎవరూ చూడరు. ఆయన నీకు రాసిన రెండు ఘనకార్యాలూ నేను వెంట లేనప్పుడు జరిగినవే. వంతెన మీ బావ పుట్టినప్పుడు, మైదానం మీ వదిన పుట్టినప్పుడు. కంపెనీ ఆస్తుల క్షేమం కోరి మూడో బిడ్డ వద్దనుకున్నాం.

ఈయన వారం రోజులుగా కాగితాలు చింపడం చూడలేక, మొన్న మీ మేనేజరుగారికి నేనే అంతా రాసి పడేశాను. ఇవాళ జవాబు వచ్చింది. ఆ రోజుల్లో ఆయన మన గేటు గుమాస్తాట. "అమ్మా, డ్రైవరుగారు రివర్సు చేసేటప్పుడు మాత్రం జానెడు పొట్టి అవుతారని నాకు మొదటి నెలలోనే తెలిసింది. మిమ్మల్ని రప్పించే దారి తోచకే మీ మేనల్లుడి మీద పూచీ పెట్టాను. మీరు బండిని వెనక్కి తెచ్చి పెట్టండి, అతన్ని ముందుకి పంపే పని నేను చూసుకుంటాను" అని రాశారు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ఆయన కారు మీద పోస్టరు మాత్రం చూసుకున్నారట, దాని గురించి విడిగా మాట్లాడతారట.

తొమ్మిదో తేదీన వస్తున్నాం. నా మెత్తటి కుర్చీ తీసి డాక్టరుగారికి వెయ్యి, ఆయన నడుం బాగాలేదు. నేను స్టీరింగు ముందు కూర్చుంటాను, నా సొంత బట్టల్లోనే. మీ మామయ్య పక్కన కూర్చుని చెయ్యి ఊపుతాడు. ఈ మాట చెప్పగానే ఆయనకి వారం తర్వాత ఆకలేసింది. రెండుసార్లు వడ్డించుకున్నాడు.

పోస్టర్లు చింపకు. మీ మామయ్య పేరు దొరసాని ముందు బంపరు మీద రాయించు. నాది ట్రెయిలరు వెనకాల రాయించు. ఎవరు నడిపిన వైపు వాళ్ల పేరు.

ఆశీస్సులతో
అత్తయ్య

తా.క. దొరసానిని హాల్లోంచి ఎప్పుడైనా బయటికి తీయాల్సి వస్తే నన్ను పిలవకు, మీ మామయ్యని పిలువు. అది ముందుకే కదా. ఒకే ఊపులో ఎనభై అడుగులూ తీసుకొచ్చేస్తాడు. ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకు, అంతే.